వంద కోడిపిల్లలు దించే ముందు: మందు సంగతి తర్వాత, ముందు రాత్రి వేడి సంగతి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పోయిన జనవరిలో 60 వనరాజా రకం కోడిపిల్లలు తెచ్చావు. మొదటి ఆరు రోజుల్లో 19 పోయాయి, అన్నీ తెల్లారి చూసేసరికే. తర్వాత రెండు వారాలు ఒక్కటీ పోలేదు. మూడో వారం దాటుతుండగా నెత్తురు పారుకుంటూ మళ్లీ 16 పోయాయి. మిగిలిన 25లో ఒకటి పావురమంత, ఒకటి పిచ్చుకంత, సగానికి ఈకలే సరిగా రాలేదు. పాత కోళ్లుండే గదినే ఊడ్చి వాడుకున్నావు. ఒక బల్బు, కింద రంపపు పొట్టు, మేత నూకలూ తవుడూ. నీళ్లలో మొదటి రోజు నుంచీ షాపతను ఇచ్చిన యాంటీబయాటిక్ పొడి. ఇప్పుడు కార్తీకం చివర్లో దించుకోవడానికి 100 పిల్లలకు అడ్వాన్సు కట్టావు. అడిగింది ఒకటే: "అక్కా, ఈసారి ముందుగానే ఏ మందు మొదలుపెట్టమంటావు?"

ఏదీ మొదలుపెట్టకు. నీ పిల్లలు రెండు వేరువేరు కారణాలకు పోయాయి, ఆ పొడి రెంటికీ పనిచెయ్యదు. మొదటి 19 చలికి పోయాయి. తర్వాతి 16 కాక్సీడియోసిస్‌కి, అదే రక్త పారుడుకి. కళ్లతో చూడకుండా ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, నువ్వు రాసిన రోజుల లెక్కే చెబుతోంది. రాత్రిపూట పోవడం, పగలు బాగుండటం, వారం తిరిగేసరికి దానంతటదే ఆగిపోవడం చలి దెబ్బ. మధ్యలో ఖాళీ వచ్చి మూడో వారంలో నెత్తురు కనిపించడం కింద పరిచిన పొట్టులోంచి వచ్చిన జబ్బు.

మాది సత్తుపల్లి దగ్గర పల్లె. ఏడాదికి మూడు బ్యాచులు, బ్యాచుకు 150 పిల్లలు దించి, ఆరు వారాలు పెంచి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు అమ్ముతాం. పెద్ద ఫారాల లెక్కలు నాకు తెలియవు. పెరట్లో, పాకలో, ఇంటి మనుషులతో చేసే పని గురించే చెబుతాను.

ముందు బల్బు. "ఒక బల్బు పెట్టాను" అన్నావు, ఏ బల్బో రాయలేదు. ఇప్పుడు అందరి ఇళ్లలో ఉండే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ అయితే నువ్వు వాటికి వెలుతురు ఇచ్చావు, వేడి ఇవ్వలేదు. ఈ మధ్య నన్ను అడిగేవాళ్లలో చాలామంది చేస్తున్న తప్పు ఇదే. కావలసింది పాత ఫిలమెంట్ బల్బు, లేకపోతే 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు. మామూలు లెక్క పిల్లకు రెండు వాట్లు. నీ వందకు 100 వాట్ల ఫిలమెంట్ బల్బులు రెండు. కానీ మీ జహీరాబాద్ వైపు చలీ మా చలీ ఒకటి కాదు. డిసెంబరు రాత్రుల్లో మీకు పది డిగ్రీల లోపుకు కూడా దిగుతుంది, కాబట్టి మూడు వేలాడదియ్యి. ఇన్‌ఫ్రారెడ్ అయినా ఒక్కదాన్నే నమ్ముకోకు. ఒకటి మాడిపోతే తెల్లారేదాకా రెండోది కాపాడాలి. తాడుతో కట్టకు, ఇనుప తీగతోనో గొలుసుతోనో కట్టు. ఊక మీద పడిందంటే నిమిషంలో అంటుకుంటుంది.

ఆ తర్వాత మూలలు. దీనికి నా కథే చెప్పాలి. నా మూడో బ్యాచ్ అది, సంక్రాంతికి ముందు, 120 పిల్లలు. నాలుగు పలకల గది, మధ్యలో బల్బులు, మొదటి మూడు రోజులు బ్రహ్మాండంగా ఉన్నాయి. నాలుగో రాత్రి ఏ ఒంటిగంటకో కరెంటు పోయింది, మేం నిద్రలో ఉన్నాం. నాలుగింటికి లేచి టార్చి వేస్తే గది మధ్యలో ఒక్క పిల్ల లేదు. అన్నీ తూర్పు మూలలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా ఉన్నాయి. పైవాటిని తీస్తూ పోతుంటే అడుగున ఉన్నవి పిండి పడేసిన గుడ్డల్లా చదునుగా చేతికి వచ్చాయి, ఇంకా వెచ్చగానే ఉన్నాయి. 23. వాటిలో ఒక్కదానికీ రోగం లేదు. మా అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మిగతావాటిని గంపలో వేసుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. ఆ రోజు నుంచి నా బ్రూడరుకు, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే చోటుకు, మూల అనేది లేదు.

అంటే గుండ్రంగా కట్టాలి. వెదురు తడిక గానీ తగరపు రేకు గానీ, మూరెడు ఎత్తు, అయిదున్నర ఆరడుగుల అడ్డం వచ్చేలా చుట్టు. వంద పిల్లలకు మొదటి నాలుగు రోజులు అది సరిపోతుంది. అయిదో రోజు నుంచి కొంచెం కొంచెం జరుపుతూ వెడల్పు చెయ్యి. పది, పన్నెండు రోజులకు తీసేసినా గది మూలల్లో అట్టలు అడ్డంగా నిలబెట్టి గుండ్రం చేసే ఉంచు.

గది మొత్తం వేడెక్కించాలని తలుపులూ కిటికీలూ బిగించడం ఇంకో పొరపాటు. మా అత్తమ్మ దీన్ని నాటుకోడిని చూపించి చెప్పింది. తల్లికోడి పెరట్లో కూర్చుంటే పెరడు వేడెక్కదు, దాని రెక్క కిందే వేడి. పిల్ల బయటికి వస్తుంది, నాలుగు గింజలు ఏరుకుంటుంది, చలేస్తే పరుగెత్తి రెక్క కింద దూరుతుంది. కాసేపటికి ఉక్కపోసి ఈకల మధ్యలోంచి తల బయటపెడుతుంది. ఎప్పుడు ఎక్కడుండాలో దానికే తెలుసు, మనం చోటు ఇవ్వాలంతే. నీ తడిక లోపల కూడా నడిమధ్య బాగా వేడిగా, అంచుల దగ్గర చల్లగా ఉండాలి. బోర్లించిన వెదురు గంప లోపల బల్బులు బిగించి, నేలకు జానెడు పైన వేలాడదీస్తే అదే వాటికి రెక్క. వెదురుకు బల్బు తగలకుండా చూసుకో. మేత, నీళ్లు సరిగ్గా బల్బు కింద పెట్టకు, గంప అంచు దాటాక పెట్టు.

థర్మామీటరు కొను, వంద రూపాయల్లో వస్తుంది. గోడకు తగిలించకు. గంప అంచున, పిల్ల వీపు ఎత్తులో, అంటే ఊక మీద రెండు అంగుళాల పైన ఉండాలి. మొదటి వారం ఫారన్‌హీట్ 95 డిగ్రీలు, సెల్సియస్‌లో 35. తర్వాత వారానికి అయిదు ఫారన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రా. నాలుగు వారాలకు పగలు అక్కర్లేకపోవచ్చు, మీ చలికి రాత్రి మాత్రం ఇంకో వారం ఉంచాలి. వేడి తగ్గించడమంటే బల్బును ఒక్కో గొలుసు కన్ను పైకి ఎత్తడమే.

అయినా నేను థర్మామీటరు కంటే పిల్లల్నే ఎక్కువ చూస్తాను. అన్నీ బల్బు కిందికి దూరి ముద్దగా ఉండి సన్నగా, ఆగకుండా అరుస్తుంటే చలి. అంచులకు పోయి, రెక్కలు వదిలేసి, ముక్కు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్కనుంచి గాలి కొడుతోంది, అగ్గిపుల్ల గీసి పట్టుకుంటే ఎటునుంచో తెలుస్తుంది. వెదజల్లినట్టు అంతటా ఉండి, కొన్ని తింటూ కొన్ని కాళ్లు చాపి పడుకుని, మధ్యమధ్యన కిచకిచ అంటుంటే నువ్వు పోయి పడుకోవచ్చు. చూడాల్సింది పగలు కాదు. రాత్రి పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి. మొదటి వారం మా ఇంట్లో ఆ మూడింటి పని మా ఆయనది, పదకొండింటిది నాది.

పిల్ల చల్లబడిందో లేదో తెలుసుకోవడానికి ఇంకో చిన్న పని చెయ్యి. ఒకదాన్ని పట్టుకుని దాని కాళ్లు నీ బుగ్గకు ఆనించు. వెచ్చగా తగిలితే సరే. చల్లగా తగిలితే కింద నేల చల్లగా ఉందన్నమాట, పైన బల్బు ఎంత వెలిగినా లాభం లేదు. సిమెంటు నేల మీద పల్చటి రంపపు పొట్టు వేశావు చూడు, అక్కడే దెబ్బతిన్నావు. ఆ సిమెంటు రాత్రంతా కాళ్ల నుంచి, పొట్ట నుంచి వేడి లాగేస్తుంది. చల్లబడిన పిల్లకు పొట్టలో మిగిలిన పచ్చసొన కరగదు, అది కుళ్లి బొడ్డు దగ్గర నల్లబడి మూడో రోజో నాలుగో రోజో పోతుంది. చూసేవాళ్లు ఏదో రోగం వచ్చిందనుకుంటారు.

రంపపు పొట్టు వద్దు, చిన్నపిల్లలు దాన్ని మేతనుకుని మింగుతాయి. ఎండిన వరి ఊక రెండు మూడు అంగుళాల మందం పరువు. దానిమీద మొదటి మూడు రోజులు వార్తాపత్రికలు పరిచి, రోజూ మార్చు. మెరిసే నున్నటి కాగితం పరవకు, జారి పిల్లల కాళ్లు చెరోవైపు సాగిపోతే మళ్లీ నిలబడవు. పిల్లలు రేపు వస్తాయనగా ఈ రోజు సాయంత్రమే బల్బులు వెలిగించు. వచ్చాక వెలిగిస్తే గాలి వేడెక్కుతుంది గానీ నేల వేడెక్కదు.

గాలి సంగతి. కిటికీలకూ జాలికీ గోనెపట్టాలు కట్టు, అయితే కింద బిగించి పైన జానెడు వదులు. పిల్లల మీదికి గాలి కొట్టకూడదు, వాటి తలల మీదుగా పోవాలి. లోపలికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చో. పెంట ఘాటుకు కళ్లు మండాయంటే, ఆ ఘాటు నీకంటే ముందు పిల్లలకు తగిలింది.

ఇక కరెంటు పోతే? నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మను చూసి అందరూ నవ్వుతారు గానీ, చలికాలం కోడిపిల్లలు పెంచేవాళ్లకు ఆవిడ కుంపటి కావలసిందే. బొగ్గులు బయట పూర్తిగా రాజేసి, పొగ పోయి ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చి, చుట్టూ ఇటుకలు పేర్చి తడిక బయట పెట్టు. గది మూసిపెట్టి బొగ్గులు పెడితే ఆ గాలికి పిల్లలే కాదు, కాపలా పడుకున్న మనిషి కూడా లేవడు. నీకు ఇన్వర్టర్ ఉంటే రెండు ఫిలమెంట్ బల్బులు దానికి కలిపించు. లేకపోతే కాచిన నీళ్లు సీసాల్లో పోసి, గోనెగుడ్డ చుట్టి మధ్యలో పడుకోబెట్టు. గంటన్నరకోసారి మార్చుకుంటూ ఒక రాత్రి నెట్టుకురావచ్చు.

పిల్లలు దిగే రోజు. చలికాలం కాబట్టి పొద్దెక్కాక బయల్దేరి మధ్యాహ్నానికి ఇంటికి చేరేలా చూసుకో. పెట్టెలో నాలుగు గళ్లుంటాయి, గడికి పాతిక. వందకు రెండు మూడు పైన వేస్తారు. పెట్టె బండి డిక్కీలో పెట్టకు, ఎదురుగాలి తగిలేలా ఒళ్లో పెట్టుకోకు. దించేటప్పుడు ఒక్కోదాన్నీ తిప్పి చూడు: బొడ్డు పూర్తిగా మూసుకుందా, కళ్లు చురుగ్గా ఉన్నాయా, రెండు కాళ్ల మీదా నిలబడుతోందా. బొడ్డు తడిగా, నల్లగా ఉన్నవి ఎక్కువ కనిపిస్తే అక్కడే హేచరీవాళ్లకు ఫొటో పంపు, మర్నాడు చెబితే ఎవరూ వినరు. మారెక్స్ అనే కోళ్ల జబ్బుకు టీకా వేశారా అని అప్పుడే అడుగు. అది గుడ్డులోంచి వచ్చిన రోజే హేచరీలో వేసేది, మన చేతిలో ఉండదు.

ముందు నీళ్లు, తర్వాతే మేత. కాచి చల్లార్చి గోరువెచ్చగా ఉన్న నీళ్లు, లీటరుకు నాలుగు చెంచాల గ్లూకోజో నిమ్మకాయంత బెల్లమో వేసి పెట్టు. పెట్టెలోంచి తీసేటప్పుడు ఒక్కోదాని ముక్కు కొస నీళ్లలో ముంచి వదులు. వందకు అరగంట పడుతుంది, విసుక్కోకు. ఒకటి తాగడం నేర్చుకుంటే పక్కవి చూసి నేర్చుకుంటాయి. డ్రింకరు పళ్లెంలో గోలీలో కడిగిన గులకరాళ్లో వెయ్యి, లేకపోతే నీళ్లలో దిగి తడిసిపోతాయి. తడిసిన పిల్ల చలికి ఆగదు. బెల్లం నీళ్లు ఆ పూటకే, రోజంతా ఉంచితే పులుస్తాయి. రెండు మూడు గంటలు తాగాక పత్రికల మీద మొక్కజొన్న రవ్వ చల్లు. సాయంత్రానికి చిన్నపిల్లల కోసం అమ్మే స్టార్టర్ దాణా మొదలుపెట్టు.

రాత్రి ఎనిమిదింటికి పదిహేను, ఇరవై పిల్లల్ని పట్టుకుని మెడ కింద కుడివైపు ఉండే మేతసంచి తడిమి చూడు. మెత్తగా, ఉడికిన కందిపప్పులా తగిలితే తిన్నదీ తాగిందీ. గట్టిగా గింజలు గింజలుగా ఉంటే నీళ్లు అందలేదు. ఖాళీగా ఉంటే దానికి తిండి కనబడలేదు, లేదా చలికి కదల్లేదు. మర్నాడు పొద్దున మళ్లీ చూడు. అప్పటికి దాదాపు అన్నింటికీ నిండి ఉండాలి. పది పిల్లల్లో రెండింటికి ఖాళీగా ఉన్నా మేత పళ్లేలు పెంచు, వేడి చూడు. నాకు ఇదే అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. మొదటి రోజు తిండి పట్టని పిల్ల తర్వాత బతికినా ఎదగదు. నీ దగ్గర ఉన్న పిచ్చుకలు అవే.

వాటికి ఇంకో కారణం నూకలు. నూకల్లో మాంసకృత్తులు ఎనిమిది శాతం దగ్గర, తవుడులో పన్నెండు, పదమూడు. పిల్ల ఎదిగి ఈకలు వెయ్యాలంటే మేతలో ఇరవై శాతం దాకా ఉండాలి. పెద్దకోడి పెరట్లో పురుగూ పుట్రా తిని ఆ లోటు తీర్చుకుంటుంది, గదిలో ఉన్న పిల్ల ఎక్కడికి పోతుంది? ఆరు వారాలు స్టార్టరే పెట్టు. వందకు 50 కిలోల బస్తాలు మూడు అయిపోతాయి, నాలుగోది విప్పాల్సి రావచ్చు. పిల్ల ధర చూసి ముచ్చటపడతాం గానీ ఖర్చంతా ఈ బస్తాల్లోనే ఉంది. బస్తా నేలమీద పెట్టకు, చెక్కల మీద పెట్టు. మెత్తబడి వాసన వచ్చిన దాణా, బూజు పట్టిన వేరుశనగ చెక్క ఎంత చవగ్గా వచ్చినా పిల్లలకు పెట్టకు. ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది.

ఇప్పుడు నీ రెండో దెబ్బకు వద్దాం, పాత కోళ్ల గదికి. రక్త పారుడు తెచ్చే పరాన్నజీవి కోడి పెంటలో గుడ్లలాంటివి వదులుతుంది. పెద్దకోళ్లకు అలవాటైపోయి ఏమీ కాదు, కానీ వాటి పెంటలో అది ఉంటూనే ఉంటుంది. ఆ గుడ్లకు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే జబ్బు పుట్టించే స్థితికి వస్తాయి. పిల్లలు ఆ పొట్టు పొడుచుకు తింటాయి, పేగుల్లో అది పెరుగుతుంది, అవి మళ్లీ పెంటలో వదులుతాయి. అలా రెండు మూడు చుట్లు తిరిగేసరికి మూడో వారం అవుతుంది, నెత్తురు కనబడుతుంది. అందుకే మధ్యలో నీకు రెండు వారాలు ప్రశాంతంగా గడిచాయి. బాగుపడ్డాయనుకున్నావు, పాపం.

ఊడ్చి బ్లీచింగ్ చల్లితే ఇది చావదు. ఎండబెట్టడం, మంట, మరిగే నీళ్లు, ఇవే దీనికి మందు. ఆ గదే వాడక తప్పకపోతే ఈ రోజే పాత కోళ్లను బయటికి పంపించు. నేలను పారతో గీకి, పెంట పెళ్లలన్నీ తీసి దూరంగా ఎరువు గుంటలో వెయ్యి. చాకలి సోడా నీళ్లతో రుద్ది కడుగు. ఆరాక సలసల కాగే నీళ్లు పొయ్యి, పగుళ్లలో మరీ ఎక్కువగా. మంట చిమ్మే బ్లో ల్యాంపు దొరికితే నేలా, గోడల అడుగు రెండడుగులూ కాల్చు, పైన తాటాకు గానీ గడ్డి గానీ ఉంటే ఆ పని చెయ్యకు. తర్వాత సున్నం కొట్టి రెండు వారాలు ఖాళీగా వదిలెయ్యి. పెద్దకోళ్లు మళ్లీ ఆ గడప తొక్కకూడదు. పొద్దున ముందు పిల్లల పని చేసుకుని తర్వాత పెద్దకోళ్ల దగ్గరికి వెళ్లు, అటు నుంచి ఇటు రాకు. పిల్లల గదికి ఒక జత చెప్పులు విడిగా పెట్టు.

ఊక పొడిగా ఉంచడమే రోజువారీ పని. పిడికెడు తీసి గట్టిగా పిసికి చెయ్యి తెరువు. పొడిపొడిగా రాలితే బాగుంది. ముద్దకట్టి అలాగే నిలబడితే తడి ఎక్కువైంది. తడి ముందు డ్రింకరు చుట్టూ మొదలవుతుంది. కాబట్టి వారం దాటాక డ్రింకరును ఇటుక మీద పెట్టు, పిల్లల వీపు ఎత్తుకు పళ్లెం అంచు రావాలి, ఎదిగే కొద్దీ ఇటుక పెంచు. తడిసిన ఊక చేటతో ఎత్తి బయటపడెయ్యి, కొత్తది వెయ్యి, మిగతాది రోజూ సాయంత్రం కర్రతో కలియబెట్టు. నేను డ్రింకర్లు రోజుకు రెండుసార్లు వేలితో లోపల రుద్ది కడుగుతాను. జారుడు తగిలితే ఆ పూట కడగనట్టే లెక్క.

అయినా నెత్తురు కనబడితే? మొదటి రెట్ట చూసినప్పుడే ఆంప్రోలియం అనే మందు నీళ్లలో మొదలుపెట్టాలి. ప్యాకెట్ మీద ఉన్న మోతాదుతో, డాక్టరును అడిగి, అయిదు నుంచి ఏడు రోజులు. నాలుగో పిల్ల పోయేదాకా ఆగకు. ఆ రోజుల్లో బలానికని బి-కాంప్లెక్స్ కలపకు. ఆంప్రోలియం పనిచేసేదే ఆ పరాన్నజీవికి బి1 విటమిన్ అందకుండా చేసి. రెండూ కలిపితే మందుకు నువ్వే అడ్డుపడినట్టు. విటమిన్లు మందు ఆపాక ఇవ్వు.

అన్ని పారుడులూ రక్త పారుడు కావు. ఇదే వయసులో గంబోరో అనే జబ్బు కూడా వస్తుంది. పిల్లలు ముడుచుకుని, రెట్ట తెల్లగా నీళ్లలా ఉంటుంది, రెండు మూడు రోజుల్లో గుంపుగా పోతాయి. రెంటికీ తేడా కళ్లతో చెప్పలేనప్పుడు అప్పుడే పోయిన పిల్లను కవర్లో వేసి పశువైద్యశాలకు తీసుకెళ్లు, కోసి చూసి అయిదు నిమిషాల్లో చెబుతారు. దూరమైతే పశువైద్యం బండి నంబరు 1962కి ఫోన్ చెయ్యి. సిగ్గుపడకు, ఒక్క కోడిపిల్ల కోసం వచ్చావా అని ఎవరైనా నవ్వినా.

టీకాలు తప్పించకు. అయిదు నుంచి ఏడో రోజు లోపల కొక్కెర తెగులుకు లాసోటా గానీ ఎఫ్1 గానీ కంటిచుక్క. పద్నాలుగో రోజు గంబోరో. 28వ రోజు లాసోటా మళ్లీ. ఆరో వారం మశూచి టీకా. ఎనిమిదో వారం మళ్లీ కొక్కెర తెగులుకే ఆర్2బి సూది, అంతకంటే చిన్నపిల్లలకు అది వెయ్యకూడదు. టీకా సీసా ఫ్రిజ్‌లోంచి తీసి, ఐసుముక్కలేసిన థర్మాస్‌లో ఇంటికి తెచ్చుకో. కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలిందని రేపటికి దాచావంటే అది నీళ్లతో సమానం. పొద్దున్నే వెయ్యి. ఇద్దరు మనుషులు, రెండు గంపలు. ఒకరు పట్టుకుని తల పక్కకు తిప్పితే, రెండోవాళ్లు డ్రాపరు కొస కంటికి తగలకుండా పైనుంచి ఒక చుక్క వదలాలి. వెంటనే వదిలెయ్యకు. చుక్క కంటి మీద ఒక క్షణం నిలబడుతుంది, పిల్ల రెప్ప వేస్తుంది, లోపలికి ఇంకిపోతుంది. ఇంకాకే రెండో గంపలో వెయ్యి. తల విదిలిస్తే మళ్లీ చుక్క వెయ్యి. వంద డోసుల సీసాతో వందా రెండు పిల్లలకు సరిగ్గా రాదు, పెద్ద సీసా కొని పక్కింటి పిల్లలకు కూడా అదే రోజు వేయించు. వాళ్ల కోళ్లకు తెగులొస్తే నీ కంచె ఆపలేదు.

ఆ పొడి గురించి ఒక్క మాట. జబ్బు లేని పిల్లకు రోజూ యాంటీబయాటిక్ పట్టిస్తే పేగుల్లో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులు పోతాయి, నిజంగా అవసరమైనప్పుడు మందు పనిచెయ్యదు. ఆ ప్యాకెట్ మీద కొలిస్టిన్ అని ఉందేమో చూడు. మనుషుల ఆసుపత్రుల్లో చివరికి మిగిలే మందు అది. అందుకే 2019 జులైలోనే కేంద్రం దాన్ని కోళ్లకూ పశువులకూ వాడకుండా నిషేధించింది. ఆ పేరుంటే షాపతనికి తిరిగిచ్చెయ్యి.

ఇక మిగతావి గబగబా. జాలి కన్నాలు అరంగుళం కంటే వెడల్పుంటే ఎలుకో పందికొక్కో మొదటి వారంలోనే పదింటిని ఎత్తుకుపోతుంది, గోడ అడుగున కన్నాలు పగిలిన గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూసెయ్యి. వెనక రెట్ట అంటుకుని మూసుకుపోయిన పిల్లను గోరువెచ్చని నీళ్లలో దూదితో మెత్తబరిచి తుడువు, పీకితే చర్మం వస్తుంది. ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటే వెలుతురు తగ్గించు, చోటు పెంచు. ఒకేసారి ఉన్నట్టుండి పదులకొద్దీ పెద్దకోళ్లు రాలిపోతే మాత్రం ఏదీ కొయ్యకు, కాలవలో పడెయ్యకు, పశువైద్యులకు చెప్పు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మాకు ఆ నెలంతా పిల్లలు దించే ధైర్యం లేకపోయింది.

వనరాజానే ఎందుకు తెచ్చావో రాయలేదు. అదీ గ్రామప్రియ అనే ఇంకో రకమూ రెండూ మన హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థలో తయారైనవే. మాంసానికైతే వనరాజా, గుడ్లకైతే గ్రామప్రియ. వనరాజా బరువు కోడి, కుక్క వెంటపడితే నాటుకోడిలా గోడెక్కదు. పొదగడానికి కూర్చోదు కూడా, దాని గుడ్లు పొదిగించాలంటే ఒక నాటు పెట్టను పెంచుకో. అడ్వాన్సు కట్టేశావు కాబట్టి ఈసారికి సరే. సైకిల్ మీద అమ్మే రంగు పిల్లల జోలికి మాత్రం వెళ్లకు. గుడ్ల ఫారాలకు అక్కర్లేని పుంజుపిల్లలే వాటిలో ఎక్కువ, టీకా ఉండదు, వచ్చేటప్పుడే జబ్బుతో వస్తాయి.

ఆరు వారాలు నిండేదాకా బయటికి వదలకు. వదిలిన మొదటి రోజు సాయంత్రం నాలుగింటికి, కడుపు సగం ఖాళీగా ఉన్నప్పుడు వదులు, చీకటి పడేలోపు మేతగిన్నె చప్పుడు చేస్తే గదిలోకి వస్తాయి. రోజూ గంట ముందుకు జరుపు. గద్దలుంటే బీరపందిరో చిక్కుడు పందిరో ఉన్న వైపు వదులు.

నీ గది సిమెంటు రేకులదా, పెంకులదా, కప్పు ఎంత ఎత్తో రాయలేదు. రేకులైతే కింద తాటాకు గానీ గడ్డి గానీ పరిచి రాత్రి మంచు ఆపాలి, అప్పుడు బ్లో ల్యాంపు ముందే వాడేసుకో. పిల్లల్ని తేకముందే ఒక రాత్రి ఉత్తుత్తిగా మొత్తం అమర్చు: తడిక, ఊక, గంప, మూడు బల్బులు. రాత్రి మూడింటికి లేచి, గంప అంచున థర్మామీటరు ఎంత చూపిస్తోందో, తడిక అంచున ఎంత చూపిస్తోందో రెండు అంకెలూ రాసి పంపు. అవి చూశాక నాలుగో బల్బు కావాలో వద్దో చెబుతాను.